ఫోన్ గుట్ట

లోర్నా హావ్లిచెక్ ఇరవై రెండేళ్లుగా నోటరీ. ఆఫీసంటూ లేదు, పికప్ ట్రక్కే ఆఫీసు. ముందు సీట్లో ఒక ఇనప్పెట్టె, అందులో ముద్ర, రిజిస్టరు, స్కానరు, రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ డాంగిళ్లు. పోయిన చలికాలంలో ఆ పెట్టె తాళం విరిగితే గడ్డిమోపులు కట్టే తీగతో బిగించి కట్టింది. నెబ్రాస్కా ఇసుకకొండల్లో ఏ మూల నుంచి కబురొచ్చినా వెళ్లి, వంటింటి బల్ల మీద సంతకాలు పెట్టించి, అక్కడికక్కడే స్కాన్ చేసి పంపేస్తుంది. ఇన్నేళ్లలో ఒక్క సంతకం తప్పనివ్వలేదని, ఒక్క కాగితం కూడా పరాయి కంట పడనివ్వలేదని ఆమెకు కాస్త గర్వం. కాస్తేమిటి, బోలెడు.

ఆ మార్చి మధ్యాహ్నం ఆమె ఆర్డిస్ టర్డీ ఇంట్లో ఉంది. ఆర్డిస్‌కు డెబ్బై ఒకటి. పందొమ్మిదేళ్లుగా కౌలుకు తీసుకుని పశువుల్ని మేపుకుంటున్న ఉత్తరపు బీడు ఇవాళ ఆమె సొంతం కావాలి. కాగితాలు మూడింటిలోపు ఒమాహాలోని రిజిస్ట్రేషన్ కంపెనీకి చేరాలి. చేరకపోతే బీడు, కొనడానికి కాచుకుని ఉన్న వేటక్లబ్బు పాలు. వాళ్లు ఎంత ధీమాగా ఉన్నారంటే, పోయినవారమే వచ్చి కొత్త తాళం ఒకటి, తాళంచెవితో సహా, గేటుకు తగిలించి పోయారు.

సంతకాల బల్ల మీద తిండి పెట్టకూడదన్నది లోర్నా నియమం. కానీ ఆర్డిస్ తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఆవులకు పురుడు పోస్తూ మంచినీళ్లయినా తాగలేదు. మాంసం, చిక్కుడుగింజలు ఉడికించిన చిల్లీ గిన్నె, పక్కన పాకం పూసిన దాల్చినచెక్క రొట్టె ముందు పెట్టుకుని, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో చకచకా సంతకాలు పెట్టేసింది. లోర్నా చూసీ చూడనట్టు ఊరుకుంది.

అన్నీ అయ్యాక స్కాన్ చేసి పంపబోతే రెండు డాంగిళ్లూ చచ్చి ఉన్నాయి. రాత్రి గాలికి దగ్గర్లోని టవరు కూలిందట.

"మా ఇంటి వైఫై ఉందిగా అమ్మాయ్," అంది ఆర్డిస్.

"దాని పాస్‌వర్డు మీ కొట్టం తలుపు మీద రంగుతో రాసుంది. నిరుడు వచ్చిన వేటగాళ్లందరి ఫోన్లలోనూ ఉంటుంది. మీ బ్యాంకు నంబర్లు దాంట్లో పంపమంటారా?"

"అయితే గుట్ట ఎక్కాల్సిందే. పద."

ఫోన్ గుట్ట ఆ బీడులోనే ఉంది. ఎన్ని టవర్లు కూలినా, రాష్ట్ర సరిహద్దుకు అవతలి టవరు నుంచి ఒక్క గీత సిగ్నల్ దాని మీద దొరుకుతుంది. దానికో కట్టుబాటు ఉంది. పైన ఒకరుంటే మిగతావాళ్లు కింద గేటు దగ్గర, గుట్టకు వీపు పెట్టి నిలబడాలి. పైనున్న బండి దిగి గేటు దాటేదాకా తల తిప్పకూడదు. ఆ గుట్ట మీద పెళ్లిళ్లు కుదిరాయి, విడాకులయ్యాయి, డాక్టర్లు చెప్పకూడని మాటలు చెప్పారు. ఆ క్షణంలో ఎవరి ముఖం ఎలా ఉందో ఇంతవరకు ఎవరూ చూడలేదు.

రెండూ పదికి వాళ్లు గేటు చేరేసరికి పైన పొరుగు రైతు మెర్ల్ బండి ఉంది. అతని కూతురు ఒమాహా ఆస్పత్రిలో నొప్పులు పడుతోంది.

"ఒక్కసారి పిలుద్దామా?" అంది లోర్నా, గడియారం చూసుకుంటూ.

"నా బీడు పోయినా సరే, పిలవను," అని ఆర్డిస్ వీపు తిప్పేసింది. లోర్నాకు ఒళ్లు మండింది, అయినా తనూ తిప్పింది.

రెండూ ఇరవైకి మెర్ల్ దిగాడు, ముఖమంతా నవ్వు. మనవరాలట. లోర్నా అభినందన సగంలోనే వదిలేసి, కబుర్లలో పడ్డ ఇద్దర్నీ గేటు దగ్గరే ఉంచి, బండిని గుట్ట మీదికి ఉరికించింది. ఒక్క గీత. కాగితాలు ఒక్కొక్కటిగా వెళ్తున్నాయి, ఆమె ఊపిరి కూడా వాటితోనే ఆగి ఆగి కదులుతోంది. రెండూ నలభై ఐదుకు ఒమాహా నుంచి కంపెనీ ఉద్యోగిని పెట్రా ఫోన్ చేసింది.

"లోర్నా గారూ, అన్నీ వచ్చాయి, ముప్పై ఒకటో పేజీ తప్ప."

లోర్నా కట్ట తిరగేసింది. రొట్టె పాకానికి ముప్పై, ముప్పై ఒకటి అతుక్కుపోయి ఉన్నాయి. లోపలి పేజీ మీద సంతకమే లేదు. ఇరవై రెండేళ్ల గర్వం చల్లారిపోయింది. దిగి మళ్లీ ఎక్కాలంటే ఆ ఇసుకదారిలో పావుగంట. చేతులూపింది, అరిచింది. గాలి మాటల్ని ఎత్తుకుపోయింది. కింద ఆర్డిస్, మెర్ల్ బుద్ధిగా వీపులు పెట్టి నిలబడ్డారు.

ఇక హారన్ మీద అరచెయ్యి పెట్టి నొక్కింది, తియ్యలేదు. ఆ ప్రాంతంలో ఆగని హారన్ అంటే బీడుకు నిప్పంటుకుందని అర్థం. మెర్ల్ బండి ఆర్డిస్‌తో సహా దుమ్ము లేపుకుంటూ వచ్చింది. అతను తడి గోనెసంచి పట్టుకుని దూకాడు.

"మంటెక్కడ?"

"నా కొంపకి! ఆర్డిస్ గారూ, ఇక్కడో సంతకం మిగిలింది, తొందరగా."

మెర్ల్ కాగితం చూడగానే గోనెసంచితో సహా అటు తిరిగిపోయాడు. లోర్నా జేబుచాకుతో పేజీలు విడదీసింది. బానెట్ మీద ఆర్డిస్ సంతకం, దాని పక్కన ముద్ర, తర్వాత స్కానరు. రెండూ యాభై నాలుగు. ఆ ఒక్క గీత పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. రెండూ యాభై తొమ్మిదికి ఫోన్ మోగింది.

"వచ్చింది," అంది పెట్రా. "బీడు ఆవిడదే."

లోర్నా ఆర్డిస్‌ను వాటేసుకుని ఏడ్చేసింది. ఇరవై రెండేళ్లలో ఏ కక్షిదారుడి ముందూ ఏడవలేదు.

"ఇప్పుడిది మీ గుట్ట," అంది కళ్లు తుడుచుకుంటూ. "కాసేపు కూర్చోండి. ఎవరొచ్చినా ఆగుతారు."

"పనైపోయాక ఇక్కడెందుకు? అదిగో, కింద ఎవరో ఆగారు."

కింద టపా బండి ఆగి ఉంది. దాని మనిషి వీపు పెట్టి నిలబడ్డాడు. వీళ్లు గేటు దాటాక అతను పైకి వెళ్లాడు. ఆర్డిస్ బండి దిగి, వేటక్లబ్బు వాళ్ల తాళాన్ని గేటు నుంచి తీసింది, దాని మెరుపు ఇంకా తగ్గలేదు. తెచ్చి లోర్నా ఒళ్లో పెట్టింది.

"ఆ తీగ విప్పి పారేసి, నీ పెట్టెకు ఇది వేసుకో అమ్మాయ్," అని గుట్టకు వీపు పెట్టి నిలబడింది.