ఒక్క ఫ్యాను గాలి

కాలు విరిగి ఇంటిపట్టునే ఉన్న బస్సు డ్రైవరుకు బావమరిది ఇచ్చిన పాత కంప్యూటరులో కారు పందేలే కాలక్షేపం. ఆ రోజు మలుపు దగ్గర ఆట నత్తనడకకు దిగింది. రోడ్డు మాయమై, కారు గాలిలో వేలాడింది. కంప్యూటరు డబ్బా ముట్టుకుంటే చురుక్కుమంది. పక్కరేకు విప్పితే లోపలంతా దుమ్ము. తుడిచే ఓపిక లేక, గదిలో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానునూ దానివైపు తిప్పాడు. ఆట సాఫీగా సాగింది.

బట్టలు కుట్టే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన భార్య మంచం మీద కూలబడింది.

"దానికేనా చెమట పట్టేది? పొద్దుట్నుంచీ మిషను తొక్కుతూనే ఉన్నాను," అంది నీరసంగా.

అతను ఫ్యాను ఆమెవైపు తిప్పాడు. కాసేపటికే తెరమీద చెట్లు ముక్కలయ్యాయి. కంప్యూటరు కట్టేసి, "కాళ్లు ఇటు పెట్టు, పిసుకుతాను," అన్నాడు.

ఆమె అప్పటికే నిద్రపోయింది.