పద్దెనిమిది కూరగాయలు

“మళ్ళీ సొరకాయా?” అన్నారు మా ఆయన త్రినాథరావుగారు, కంచంలోకి చూసి. ఈ వారంలో నాలుగోసారి. “నీ ధ్యాస ఎప్పుడూ ఇంతేలే.”

కిందటేడు ఆయన రెండుసార్లు కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మరిచిపోతే ఇల్లంతా కదిలింది. దిల్‌సుఖ్‌నగర్ డాక్టరమ్మ, ఈయన ఇంట్లో ఎలా ఉంటారని నన్నడిగింది. ముప్ఫై ఏళ్ళ సంగతులు తేదీలతో సహా చెప్పాను. స్కానింగ్ తీశారు, ఏమీ లేదన్నారు. కళ్ళజోడు నెత్తిమీదే ఉంది. నేను మరిచిపోతే మాత్రం అది జబ్బు కాదు, స్వభావం. మొన్న కర్మన్‌ఘాట్ గుడి నుంచి వస్తూ, ఇరవై రెండేళ్ళుగా ఉంటున్న మా వీధి మొదట్లో ఎటు తిరగాలో తెలియక, చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటిస్తూ నిలబడిపోయాను. అప్పటినుంచి గిన్నెలు తోముతూ మెట్రో స్టేషన్లు వల్లిస్తున్నాను. ఎల్బీనగర్, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి... ఒకటి తప్పితే మళ్ళీ మొదటికి. మా అమ్మది జబ్బని తేలేసరికి ఆవిడ నా పేరే మరిచిపోయింది. “వంట బాగానే చేస్తోందిగా!” అనేవాడు నాన్న, అప్పటిదాకా.

ఈసారి మా ఆయన చెకప్‌కి ఇద్దరం వెళ్ళినప్పుడు, నాకూ మరుపొస్తోందని మెల్లగా అన్నాను. నిమిషంలో వచ్చినన్ని కూరగాయల పేర్లు చెప్పమంది డాక్టరమ్మ. పద్దెనిమిది చెప్పాను. కిందటేడు ఆయన ఆరు చెప్పారు, అందులో ఒకటి పకోడీ.

“భేష్! కానీ ఆడవాళ్ళకి మాటల జ్ఞాపకం గట్టిది. ఒక్కోసారి జబ్బు దాని వెనక దాక్కుంటుంది” అని ఆయనవైపు తిరిగింది. “మీరేమైనా తేడా గమనించారా?”

“అబ్బే, మొదట్నించీ ఇంతేనండీ. వంట బాగానే చేస్తోందిగా!”



“సోమవారం మళ్ళీ రండి. మిమ్మల్ని బాగా ఎరిగినవాళ్ళని వెంట తీసుకురండి” అంది డాక్టరమ్మ, నన్నే చూస్తూ.

ఆ సాయంత్రం మా వీధిలో కూరగాయల బండి పెట్టే అండాలమ్మ నా చేతిలోంచి సొరకాయ లాక్కుంది.

“ఏందమ్మా, పొద్దుగాలనే తీస్కపోయినవ్ గద! నిన్న గూడ గట్లనే జేస్తివి. పరేషాన్‌ల ఉన్నవా ఏంది?”

“ఎప్పట్నించి ఇలా చేస్తున్నాను?”

ఆమె ఆలోచించలేదు. “బతుకమ్మ పండుగ కాడికెల్లి. అడుగుదామంటే ఏమనుకుంటవో అని ఊకున్న.”

“సోమవారం బండి పెట్టకు అండాలమ్మా. నాతో దవాఖానకి రావాలి.”

“నేనా? సారు లేడా?”

“ఉన్నారు. డాక్టరమ్మ నన్ను ఎరిగినవాళ్ళని తీసుకురమ్మంది.”