సీసాకు పోసిన గంజి

అప్పలసూరి ఖిదిర్‌పూర్ రేవులో ముప్పైరెండేళ్ళు క్రేన్ నడిపాడు. అన్నేళ్ళలో తన చేతిలోంచి ఒక్క బస్తా కూడా జారలేదని తానుండే ఏక్‌బాల్‌పూర్ సందుల్లో ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పేవాడు. రిటైరయ్యాక ఈ జబ్బు మరీ ముదిరింది. కూరగాయలవాడు అతన్ని చూడగానే "ఒక్కటీ జారలేదు దాదా, తెలుసు" అని ముందే ఒప్పేసుకుని తూకం వేసేవాడు.

ఆ పేరు చూసే జీవానందం తన సీసాను అతనికి అప్పగించాడు. జీవానందం షాలిమార్ గూడ్స్ యార్డులో గుమాస్తాగా చేసి దిగినవాడు. ఇద్దరిదీ పాతికేళ్ళ స్నేహం. రీషి అనే మందు పుట్టగొడుగును ఇంట్లోనే పెంచి, కషాయం కాచి తాను తాగుతూ, భార్య రోజమ్మ చేతా తాగిస్తుంటాడు. ఆ పుట్టగొడుగుకు విత్తనమంటే గింజ కాదు. తేనె కలిపిన నీళ్ళలో తెల్లటి దూదిపోగుల్లా తేలుతూ సీసాలో బతుకుతుంది. కంటి ఆపరేషనుకని ఖరగ్‌పూర్‌లో కూతురింటికి నాలుగు నెలలు వెళ్తూ, ఆ సీసా తెచ్చి అప్పలసూరి చేతిలో పెట్టాడు.

"నా దగ్గరున్నది ఇదొక్కటే, సూరీ. మూతకున్న రబ్బరులోంచి సూదితో కాస్త కాస్త తీసి నువ్వూ పెంచుకో. సగమైనా బతికించి నాకివ్వు. మూత మాత్రం తియ్యకు, గాలి సోకితే పాడైపోతుంది."

"ముప్పైరెండేళ్ళలో..." అని అప్పలసూరి మొదలుపెట్టేసరికి జీవానందం చెప్పులు తొడుక్కున్నాడు.

ఆ రోజు నుంచి ఆ ఒకటిన్నర గది ఇంట్లో అతని భార్య దాలమ్మ కష్టాలు చెప్పనలవి కాదు. జొన్నలు నానబెట్టి, సీసాల్లో నింపి, కుక్కర్లో గంటన్నర ఉడికించాలట. కుక్కర్ జొన్నల పాలైంది, భార్యాభర్తలు పచ్చళ్ళ పాలయ్యారు. భవానీపూర్ మందుల దుకాణంలో పది సిరంజిలు అడిగితే, ఇంజెక్షన్ ఎవరికని అడిగాడు దుకాణదారు. "జొన్నలకి" అన్నాడు అప్పలసూరి. మళ్ళీ ఆ దుకాణం వైపు వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

సూది గుచ్చే రోజు ఇంకా ఘోరం. మండు వేసవిలో స్నానం చేసి, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, మూతికి గుడ్డ కట్టుకుని, స్పిరిట్ దీపం మీద సూది ఎర్రగా కాల్చి, ఊపిరి బిగబట్టి గుచ్చేవాడు.

"ఇన్నేళ్ళ కాపరంలో లేనిది, ఇప్పుడు మడి కట్టినావేటి మావా?" అంది దాలమ్మ చెమట తుడుచుకుంటూ.

అప్పలసూరి మూతిగుడ్డ మీద వేలు పెట్టి చూపించాడు. మాట్లాడితే క్రిములు పడతాయట. ఆ అరగంటసేపు రేవు కబుర్లు వినబడనందుకు దాలమ్మ ఉక్కపోతను కూడా క్షమించింది.

ఒకనాడు ఆవిడ సీసాకేసి చూసి అడిగింది. "ఈ నీళ్ళకి పేణం ఉందా?"

"ఉందే. అదే గదా ఇత్తనం."

"మరి తిండేటి?"

"తేనుందిలే. నువ్వు ముట్టుకోకు."

తేనె పోసి రెండు నెలలైంది. దాలమ్మకు మనసొప్పలేదు. శ్రీకాకుళం పక్కన ఆవిడ పుట్టింట్లో తరవాణి కుండ ఉండేది. రోజూ కుండలో గంజి పోస్తారు, పులిసిన నీళ్ళు తీసి చల్దన్నంలో కలుపుకుంటారు. ఒక్కపూట గంజి పోయకపోయినా కుండ చచ్చిపోతుందని భయం. ఆవిడ తల్లి పురిటి మంచం మీంచి కూడా పొరుగింటావిణ్ణి కేకేసి కుండకు గంజి పోయించింది. అలాంటి తల్లికి పుట్టిన దాలమ్మ, ప్రాణమున్న నీళ్ళను తన ఇంట్లో పస్తు పెట్టగలదా? సాయంత్రం మొగుడు టీ కొట్టుకు వెళ్ళగానే మూత తిప్పి, చల్లారిన గంజి గరిటెడు పోసి, మళ్ళీ బిగించేసేది. రోజూ పోసింది.

అప్పలసూరి వారం వారం తీస్తున్నా సీసా తరగలేదు. అది తన చేతి చలవ అనుకుని టీ కొట్టులో నలుగురికీ చెప్పాడు. మొదట్లో గుచ్చిన జొన్నలు మంచులా తెల్లగా అల్లుకుని, అటక మీది రంపప్పొట్టు సంచిలోకి మార్చాక, ఒక పుట్టగొడుగు మొలిచింది. లక్క పూసినట్టు ఎర్రగా నిగనిగలాడుతోంది. దాన్ని రేవు మనుషులందరికీ చూపించాలని ఆదివారం కోసం ఎదురుచూస్తున్నాడు. తరవాత గుచ్చిన సీసాలు మాత్రం పచ్చగా, నల్లగా కుళ్ళిపోయాయి. ముందు జొన్నల్ని తిట్టాడు, తరవాత కుక్కర్ రబ్బరును తిట్టాడు, చివరికి కరెంటు కోతల మీదుగా ప్రభుత్వం దాకా వెళ్ళాడు.

జీవానందం రేపు వస్తాడనగా, కుళ్ళు సీసాలోనే ఉందేమోనని అనుమానమొచ్చి మూత తీశాడు. పుల్లటి వాసన గుప్పుమంది. దాలమ్మ గంజి సంగతి దాచలేదు. "ఆకలితో ఉందనుకున్నాను మావా" అంది. అతను కేకలేస్తాడనుకుంది. వెయ్యలేదు. సీసాను మంచం కిందకు తోసి, గోడకు జారబడి కూచున్నాడు.

మర్నాడు బంద్. అయినా జీవానందం నల్లకళ్ళద్దాలతో రిక్షా మీద రానే వచ్చాడు.

"ఏదోయ్ నా సీసా?"

అప్పలసూరి నేల చూపులు చూశాడు. "నా సేతిలోంచి జారిపోనాది, జీవానందం."

వంటింటి గుమ్మంలో దాలమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఆ మాట అతని నోట ఆవిడ ఎన్నడూ వినలేదు. అనడానికి అతనికెంత కష్టమైందో ఆవిడకే తెలుసు. వచ్చి, వంగి, మంచం కిందనుంచి సీసా తీసి జీవానందం ముందు పెట్టింది.

"జారనేదన్నయ్యా. నానే గంజి పోసి పాడుసేసినాను."

జీవానందం మూత తీసి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. "ఇది తరవాణి కదమ్మా" అన్నాడు. "మా అమ్మ పోయాక మళ్ళీ ఈ వాసన తగల్లేదు." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆపరేషన్ కన్ను తడవకూడదని డాక్టరు మరీమరీ చెప్పాడట.

"మరి నీ ఇత్తనం?" అన్నాడు అప్పలసూరి.

"పచ్చి పుట్టగొడుగు ముక్క దొరికితే తేనె నీళ్ళలో వేసి మళ్ళీ విత్తనం కట్టుకోవచ్చు."

అప్పలసూరి అటక కేసి చూశాడు. ఆదివారం ఇంకా మూడు రోజులుంది. లేచి, సంచి దించి, కత్తి కాల్చి, పుట్టగొడుగును మొదలంటా కోసి మొత్తం స్నేహితుడి చేతిలో పెట్టాడు.

జీవానందం ఒక చేత్తో పుట్టగొడుగు, ఒక చేత్తో సీసా పట్టుకుని రిక్షా ఎక్కాడు. "సీసాకి రోజూ గంజి పొయ్యమను రోజమ్మొదిన్ని" అని దాలమ్మ గుమ్మంలోంచి చెప్పింది. "పుట్టగొడుగు నీళ్ళకి మాత్రం వొద్దను."

రిక్షా మలుపు తిరిగాక మొగుడి వైపు చూసింది. "జారిపోనాదని ఎందుకన్నావు మావా? ముప్పైరెండేళ్ళ పేరు గదా."

"అన్నేళ్ళూ ఊరోళ్ళ బరువులే దించినాను" అన్నాడు అప్పలసూరి. "నీది ఒక్కటి దించకూడదేటి?"

దాలమ్మ వెళ్ళి ఫ్యాను వేసింది, కుక్కర్లో పప్పు పడేసింది.