పిల్లల వార్డు కిటికీ

ఏదైనా అంతుపట్టకపోతే నాకు అన్నం సయించదు. ఆ వారమంతా అదే తంతు. కొత్త ఆసుపత్రిని ఇటుక పడకముందే కంప్యూటర్లో కట్టి చూసే పని నాది. ఏసీ గాలి గొట్టాలవాళ్ళు, నీళ్ళ పైపులవాళ్ళు, కరెంటువాళ్ళు ఎవరి సామాను వాళ్ళు ఆ నమూనాలో పెడతారు. ఒకదానికొకటి గుద్దుకున్నచోట ఎరుపు కనిపిస్తుంది. పిల్లల వార్డు పైభాగం మొత్తం ఎర్రగానే ఉంది.

"సీలింగు కిందికి దించి వీటికి జాగా చేద్దాం. అడ్డొచ్చే ఆ పొడుగు కిటికీ మూసేస్తే సరి," అన్నాడు ఆర్కిటెక్టు. శుక్రవారం మీటింగులో తేల్చేస్తాడట.

నాకు ఒళ్ళు మండింది. ఆ వార్డులో నర్సుగా చేయబోయేది మా అక్క. ఇప్పుడున్న వార్డుకి కిటికీ లేదు. పగలో రాత్రో తెలియక పిల్లలు బెంగపడి ఏడుస్తుంటే చూడలేక, కొత్తదాని కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది.

అసలెందుకు పట్టడం లేదు? పాత భవనంలో ఇంతకంటే ఇరుకులో పట్టాయి కదా! ఆగలేక టేపు పట్టుకుని సామాను షెడ్డుకి వెళ్ళాను. లారీలోంచి దించిపెట్టిన గాలి గొట్టాన్ని కొలిచాను. చల్లదనం పోకుండా పైన చుట్టే పొర కలుపుకున్నా, నమూనాలోది దీనికంటే జానెడు లావు! నీళ్ళ పైపులూ, కరెంటు తీగలు పరిచే ట్రేలూ అదే వరస.

గాలి గొట్టాల మేస్త్రీ మా బావే, అక్క మొగుడు.

"ఏంటి బావా, నీ గొట్టాలు కంప్యూటర్లోకి వెళ్ళగానే ఒళ్ళు చేశాయి?"

బావ పకపకా నవ్వాడు. "గట్టిగా అరవకే తల్లీ! ఇదివరకు సైటులో ముందొచ్చినవాడిదే జాగా. ఇప్పుడు ఆ పరుగులు లేవుగా, జాగా కంప్యూటర్లోనే పంచేస్తున్నారు. అందుకే లావుగా గీయించా, బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టు. అందరూ వేస్తుంటే నేనొక్కణ్ణీ వెర్రిమొహం వేసుక్కూచోనా?"

"నువ్వు కర్చీఫ్ వేసింది అక్క కిటికీ మీద."

బావ నవ్వు ఆగిపోయింది. "ఆ కిటికీయా?" అన్నాడు. తన గొట్టాలు తప్ప మిగతా బొమ్మ ఏనాడూ చూస్తే కదా.

శుక్రవారం మీటింగులో ఎవరూ అడగకుండానే బావ లేచాడు. "నా గొట్టాలు కావాలనే లావు గీయించాను. తగ్గించండి."

మిగతావాళ్ళు తగ్గించకపోతే ఆ జాగా కూడా వాళ్ళే మింగేస్తారు, బావ నోట్లో మట్టే. అంకెలు మార్చాను. ఎరుపు పలచబడింది కానీ పోలేదు. అందరూ బల్ల వంక చూస్తున్నారు. ఉక్రోషం ఆపుకోలేక, కిటికీ మూసేస్తే మంచం మీద పడుకున్న పిల్లకి ఏం కనబడుతుందో తెర మీద పెట్టాను. తల మీద సీలింగు, పక్కన గోడ. అంతే.

నీళ్ళ పైపుల మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "నావీ లావేనమ్మా. తగ్గించు."

"మరి నేనేం పాపం చేశాను? నావీ తగ్గించండి," అన్నాడు కరెంటాయన.

ఎరుపు పోయింది. సీలింగు పైకి జరిగింది. కిటికీ ఉంచేద్దామన్నాడు ఆర్కిటెక్టు.

అందరూ వెళ్ళినా బావ కదల్లేదు. "పొద్దుటెండ ఎంతవరకు వస్తుందో చూపిస్తుందా ఇది?"

చూపించాను. వెలుగు చివరి మంచం దాకా పరుచుకుంది.

"నా చేత్తో నేనే ఈ కిటికీ మూసేద్దును కదే," అన్నాడు బావ. "మీ అక్కకి నువ్వు చెప్పకు. నేనే చెప్తాను."