మూడో ఆల్బమ్‌లో ఏడుపు

ఆ బ్యాండులో అందరికీ ఆమె అక్కే. నిజానికి పాటలు రాసి పాడే కుర్రాడొక్కడికే ఆమె తోడబుట్టింది. కానీ బేస్ గిటారు వాయించే అతనూ, చివరికి ఆమెకన్నా బాగా పెద్దవాడైన సౌండ్ ఇంజినీరూ కూడా అక్కా అనే పిలిచేవారు. కీబోర్డు ఆమెది. డ్రమ్స్ ఆమె భర్తవి. తమ్ముడు బావా అని పిలుస్తాడు కాబట్టి అతన్నీ అందరూ బావ అనేవారు. పెళ్ళయిన కొత్తలో అక్కకి కూడా అదే అలవాటయింది. తర్వాత మార్చుకునే తీరిక దొరకలేదు.

వాళ్ళ మొదటి రెండు ఆల్బమ్‌లూ వచ్చిన సంగతి చుట్టాల్లోనే సగం మందికి తెలియదు. మూడోది మొదలుపెట్టినప్పుడు, ఇదే ఆఖరిదని రికార్డు కంపెనీవాళ్ళు మర్యాదగా చెప్పారు. స్టూడియో అంటే టైర్ల గోడౌను పై అంతస్తు. బయటి చప్పుడు రాకుండా కిటికీలకి పాత పరుపులు అడ్డం పెట్టారు. అయినా ఆ ఆల్బమ్‌లో ఏ పాటైనా చెవి ఒగ్గి వింటే, ఎక్కడో ఒకచోట కింద టైరు పడ్డ చప్పుడు వినిపిస్తుంది.

ఆ రికార్డింగు జరుగుతుండగానే, ఓ ఆదివారం మధ్యాహ్నం అక్కా బావా విడిపోయారు. గొడవేం పడలేదు. పాటల తాళం గురించి తప్ప ఇంకో సంగతి మాట్లాడుకుని చాలా కాలమైందని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. బావ బట్టలు సర్దుకున్నాడు. అక్క గుమ్మం దాకా వచ్చి, గీజరు బాగుచేసే మనిషి నంబరు ఎక్కడుందో అడిగింది. అతను చెప్పాడు. ఆమె రాసుకుని తలుపు వేసుకుంది. మర్నాడు ఇద్దరూ వేళకే రికార్డింగుకి వచ్చారు.

తమ్ముడికి మాత్రం కొన్నాళ్ళు తిండి సహించలేదు. ఆ తర్వాత పాట రాశాడు. అందులో ఒకావిడ గుమ్మం పట్టుకుని ఏడుస్తుంది. పల్లవిలో ఏడుస్తుంది, ప్రతి చరణం చివరా ఏడుస్తుంది, ఆఖర్న పాడేవాడికి ఊపిరి ఉన్నంతసేపూ ఏడుస్తుంది.

"నేనేం ఏడవలేదురా. గీజరు మనిషి నంబరు అడిగానంతే," అంది అక్క.

గీజరు ట్యూనులో కూర్చోదన్నాడు తమ్ముడు. బావని అడిగితే, డ్రమ్స్ దగ్గర తనకి మాటలు వినపడవనీ, వేగం కొంచెం తగ్గిస్తే బాగుంటుందనీ చెప్పి, కర్రల చివర్లు పరీక్షగా చూసుకున్నాడు. ఎలాగూ ఎవరూ కొనరు కదా అని అక్క ఊరుకుంది.

కొన్నారు. ఎగబడి కొన్నారు. పాటలో ఏడ్చే ఆవిడ అక్కేనని కూడా ఎలాగో అందరికీ తెలిసిపోయింది. పళ్ళ డాక్టరు అక్క నోట్లో అద్దం పెట్టి అదే పాట కూనిరాగం తీశాడు. నోరు తెరిచి ఉంది కాబట్టి ఆమె ఏమీ అనలేకపోయింది. కొట్టులో బిల్లు వేసే అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని, మీ ఏడుపు విని నాకూ ఏడుపొచ్చిందండీ అంది. అక్క థాంక్స్ చెప్పి, సబ్బులు తీసుకుని వచ్చేసింది.

అమ్మ ఫోన్ చేసింది. అంత కుమిలిపోయినదానివి కన్నతల్లికి ఒక్క ముక్క చెప్పలేదేమని నిష్ఠూరమాడింది. అక్క ఏడవలేదంటే నమ్మలేదు.

"పాటలో ఉందిగా."

"వాడు కల్పించాడమ్మా."

"వాడికంత ఊహ ఎక్కడిదే? బళ్ళో ఆవు మీద వ్యాసం రాయమంటే నేనే రాసిచ్చాను."

అల్లుడుగారు మటుకు ఒకరిని ఏడిపించే మనిషి కాడని చెప్పి అమ్మ ఫోన్ పెట్టేసింది.

ఆల్బమ్ అంతలా ఆడాక బ్యాండు వదిలిపోయే వీలు ఎవరికీ లేకపోయింది. ఊరూరా కచేరీలు. విడాకుల కాగితాల మీద సంతకాలు కూడా ఓ ఊళ్ళో మైకులు సరిచూసుకునే విరామంలో, పెద్ద డ్రమ్ము మీద పెట్టుకుని చేశారు. చదునుగా దొరికింది అదొక్కటే. ఆ సాయంత్రం ఎప్పటిలాగే ఆ పాట వాయించారు, ఎప్పటిలాగే జనమంతా గొంతు కలిపారు. జాలి పడితే పడనీ అనుకుంది అక్క. ఆమెని తొలిచేది వేరే. ఊరంతా ఏడ్చిన చోట తను ఒక్కతే ఏడవలేదు. ఏడ్చి ఉండాల్సిందేమో, తనలోనే ఏదో తక్కువైందేమో అని ఒక్కోసారి కీబోర్డు మీద చేతులుండగానే అనిపించేది.

ఇలా ఉండగా, ఓ స్టేడియంలో మధ్యాహ్నం కచేరీ అనగా పొద్దున్నే తమ్ముడి గొంతు పూర్తిగా పోయింది. మాట్లాడితే ఊరుకోనని డాక్టరు హెచ్చరించి వెళ్ళాడు. అక్కే పాడాల్సొచ్చింది. ఆ పాట దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆ రోజు జరిగింది జరిగినట్టు పాడేసింది. ఏడవలేదని పాడింది. గీజరు కూడా ట్యూనులో బాగానే కూర్చుంది. కానీ జనం పాత మాటలే అందుకుని హోరెత్తించారు. ఆ హోరులో ఆమె పాడింది ఎవరికీ చేరలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లున్న బ్యాండువాళ్ళకి మాత్రం వినిపించింది. బావ తాళం తప్పాడు. ఎప్పుడూ తప్పని మనిషి.

కచేరీ అయ్యాక స్టేజీ వెనక ఇనప పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. అక్క నీళ్ళ సీసా అందించింది. అతను తాగలేదు.

"ఆ రోజు ఏడ్చింది నేను," అన్నాడు.

"ఎక్కడ?"

"కింద, కార్లో. వాచ్‌మన్ వచ్చి దారికి అడ్డంగా ఉంది తియ్యమనేదాకా."

"పైకి రావాల్సింది."

"నువ్వు తలుపేసేశావు కదా."

ఆ సంగతి ఒక్క తమ్ముడికే చెప్పాననీ, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాననీ అన్నాడు. తమ్ముడు మాట తప్పలేదు. పాటలో ఏడ్చే మనిషిని మార్చాడంతే. అక్క అతని పక్కనే కూర్చుంది. తప్పిన తాళం ఊసు ఇద్దరూ ఎత్తలేదు. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, ఇన్నాళ్ళకి ఇప్పుడేమిటని తుడిచేసుకుంది.

అక్కడినుంచి తిన్నగా హోటల్లో తమ్ముడి గదికి వెళ్ళింది. వాడు మెడకి మఫ్లరు చుట్టుకుని పడుకున్నాడు. కుర్చీ లాక్కుని తీరిగ్గా తిట్టింది. పుట్టి బుద్ధెరిగాక వాడు ఎదురు చెప్పకుండా ఆమె తిట్లు పూర్తిగా విన్నది అదే మొదలు. అంతా అయ్యాక, పాటలో మాటలు మార్చెయ్యనా అని చేత్తో సైగ చేశాడు.

"వద్దు. అతను సిగ్గరి. నా పేరు మీదే ఉండనీ," అంది అక్క.

తమ్ముడు కొత్త పాట దొరికినవాడిలా ఆమె మొహంలోకే చూశాడు. తర్వాత మెల్లిగా మంచం పక్కనున్న కాగితం, పెన్సిలు కోసం చెయ్యి చాపాడు. అక్క పెన్సిలు తీసి తన సంచిలో వేసుకుంది.