గంట లేని సైకిల్

మా బావ బస్సు డ్రైవర్. వారమంతా హారన్ కొట్టీ, కొట్టించుకునీ, ఆదివారం వచ్చేసరికి ఆయనకి చప్పుడంటేనే ఒళ్లు మంట. అందుకే కాలువ గట్టు దారంటే ఆయనకి ప్రాణం. ఊరి చివర లాకుల దగ్గర మొదలై సముద్రం గోడ దాకా పోయే దారి అది. తారు లేదు, సన్న కంకరే. రెండు కొసల్లోనూ ఇనప స్తంభాలు పాతేశారు కాబట్టి సైకిల్‌కి తప్ప దేనికీ సందు లేదు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క రెల్లు, పైన బోలెడంత ఆకాశం. చక్రాల కింద కంకర కరకరమనడం తప్ప వేరే మాట వినపడదు.

మేం ముగ్గురం వెళ్తాం. ముందు బావ, మధ్యలో అక్క, చివర నేను. కళ్లద్దాల షాపులో కూర్చుని పనిచేసేదాన్ని, నా కాళ్లకి అంతకంటే జోరు లేదు. బావ నాకు 'తోక' అని పేరు పెట్టాడు. "తోకా! వస్తున్నావా, తెగిపోయావా?" అని ముందునుంచి కేకేసేవాడు. నేను ఊరుకునే రకం కాదు. "నీ బస్సు ఎక్కేవాళ్లకంటే నేనే నయం, కనీసం చేరతాను" అనేదాన్ని.

అక్క సైకిల్‌కి ఇత్తడి గంట ఉంది. బావ దానికి లేదు. కొన్నరోజే పట్టుబట్టి తీయించేశాడు.

"ఈ దారిలో గంటెందుకే? ఎవర్ని తప్పుకోమంటావు, కొంగల్నా?" అన్నాడు.

"ఉంటే మీ సొమ్మేం పోయింది?" అంది అక్క. అయినా తీసింది. తీయాల్సింది ఆమే. ఎందుకంటే మా బావ చేతికి పానా ఇస్తే మర బిగించమన్నా దాని తల తెంపేస్తాడు. అక్క కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. శనివారం సాయంత్రం వసారాలో పాత దుప్పటి పరిచి, మా మూడు సైకిళ్లనీ తలకిందులుగా నిలబెట్టి, నూనె పెట్టి, బ్రేకులు చూసి, గాలి కొట్టి ఉంచేది. మేం పొద్దున్నే ఎక్కి కూర్చోవడమే.

పోయిన చలికాలంలో బావ ఆ దారి మీదే పడిపోయాడు. ఎప్పటిలాగే మాకంటే ముందు దూసుకెళ్లి, రెల్లు బాగా ఎత్తుగా పెరిగిన మలుపు తిరిగి కనపడకుండా పోయాడు. మేం మలుపు తిరిగేసరికి కంకర మీద బోర్లా పడున్నాడు. వెనక చక్రం ఇంకా తిరుగుతోంది. బండ్లు రాని దారి ఎంత హాయో, ఆ రోజు అంత నరకమయింది. అంబులెన్స్ స్తంభాల అవతలే ఆగిపోయింది. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. వాళ్లొచ్చేదాకా అక్క ఆయన ఛాతీ మీద చేతులు తీయలేదు.

గుండెకెళ్లే నాళం ఒకటి మూసుకుపోయిందన్నారు. తెరిచారు. బావ బతికాడు. ఎండాకాలం వచ్చేసరికి డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి, "మీ గుండె భేషుగ్గా ఉంది, నిక్షేపంగా సైకిల్ తొక్కండి" అంది. ఆ రోజు ఇంట్లో పండగే.

కానీ బావ తొక్కలేకపోయాడు. మొదటి వంతెనకే ఆయాసం. మొహం నిండా చెమట. వారం వారం ఇంకా వెనకపడ్డాడు తప్ప కోలుకోలేదు. డాక్టరమ్మ మళ్లీ చూసి మళ్లీ బాగానే ఉందంది. "మిషన్లకేం తెలుసు, మోసేవాడికి తెలుస్తుంది బరువు" అన్నాడు బావ. డిపోలో ఆయన్ని తాత్కాలికంగా కుర్చీలో కూర్చోబెట్టారు, ట్రిప్పు షీట్లు రాయడానికి. ఇంటికొచ్చి కూడా కుర్చీలోనే ఉండిపోయేవాడు. నన్ను తోకా అని పిలవడం మానేశాడు. ఎలా పిలుస్తాడు, తోక ఆయనే అయ్యాడు. నాకు దుఃఖం వచ్చేది. దుఃఖం వస్తే నాకు కోపంగానే బయటికొస్తుంది, అది నా జబ్బు.

ఆ ఆదివారం సగం దారిలో బెంచీ కనపడగానే దిగిపోయి కూలబడ్డాడు.

"నా వల్ల కాదు. ఇదే ఆఖరు. సైకిల్ అమ్మేయండి. రేపు డిపోలో కూడా చెప్పేస్తాను, ఇక బస్సు వద్దు, ఆ కుర్చీయే ఇమ్మని. ఈ గుండె పని అయిపోయింది."

అక్క ఫ్లాస్కు తీసి మూతలో టీ పోయడం మొదలుపెట్టింది.

"చాల్లే బావా, సంబడం" అన్నాను. "ఇంటిదాకా నా సైకిల్ మీద రా, అది తేలిక. నీదాన్ని నేను తెస్తాను." ఆయన సైకిల్ ఎక్కి, అదెలా ఉందో చూద్దామని నాలుగు తొక్కులు తొక్కాను. తొడలు భగ్గుమన్నాయి. బండరాయిని తాడుకట్టి లాగుతున్నట్టుంది. దిగి, వెనక భాగం పైకెత్తి, చక్రాన్ని చేత్తో తిప్పాను. సగం తిరిగి టక్కున ఆగిపోయింది. ఇంకోసారి తిప్పాను. మళ్లీ అంతే. బ్రేకు చక్రాన్ని పట్టుకునే ఉంది. కంకర చప్పుడులో ఆ రాపిడి ఎవరికి వినపడుతుంది?

అక్క వైపు చూశాను. కుట్టుమిషన్‌లో సూది వెంట్రుకవాసి పక్కకి జరిగినా చెవితో పట్టే మనిషి. ఆమె చూడని బ్రేకా! అక్క నావైపు చూడలేదు. మూత నిండి టీ వేళ్ల మీంచి కారుతున్నా పోస్తూనే ఉంది.

"అక్కా!"

"అరవకు."

"ఏమైందే?" అన్నాడు బావ.

అక్క ఫ్లాస్కు కింద పెట్టింది. "నేనే బిగించాను. శనివారం శనివారం కొంచెం కొంచెం."

బావకి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. ఆయన అక్కమీద గొంతెత్తడం నేనెప్పుడూ చూళ్లేదు. "నీకు బుద్ధుందా? చచ్చిపోతున్నాననుకున్నానే నేను! పడుకునే ముందు చెయ్యి పెట్టి చూసుకుంటున్నాను, కొట్టుకుంటోందా లేదా అని!"

"అట్లా అనుకుంటారని నాకు తట్టలేదు." అక్క టీ అంటిన వేళ్లు తుడుచుకుంది. "నెమ్మదిగా వెళ్తే కళ్లముందుంటారని, అంతే అనుకున్నాను. తర్వాత మీరలా డీలా పడిపోతుంటే చెప్పాలనే అనుకున్నా. చెప్తే మళ్లీ దూసుకెళ్లిపోతారు కదా. మీరు మలుపు తిరిగితే నాకు ఊపిరాడదండీ. ఆ రోజు మలుపు తిరిగితే ఏం కనపడిందో మీరు చూళ్లేదు. నేను చూశాను."

నా కోపం ఎటుపోయిందో నాకే తెలీదు. అక్క లేచి, సైకిల్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, బ్రేకు తీగ కొసనున్న చిన్న మరని వేళ్లతో వెనక్కి తిప్పింది. చక్రాన్ని ఒక్క తోపు తోసింది. అది తిరుగుతూ, తిరుగుతూ, తిరుగుతూనే ఉంది. ఆగేదాకా ముగ్గురం దాన్నే చూశాం.

"వెళ్లండి" అంది అక్క. అందేగానీ సీటు మీద పెట్టిన చెయ్యి తీయడం లేదు.

బావ ఆ చేతికేసి చూశాడు. తర్వాత ఆమె సంచీలోంచి పానా తీసుకుని, ఆమె సైకిల్ దగ్గరికి వెళ్లి, హ్యాండిల్ మీద గంటతో కుస్తీ పట్టడం మొదలెట్టాడు. పానా జారింది. వేలు గీరుకుంది. అక్క కళ్లు తుడుచుకుని లేచింది.

"ఇటివ్వండి, తల తెంపేస్తారు" అని లాక్కుని, గంట విప్పి, బావ హ్యాండిల్‌కి బిగించింది. కదులుతోందేమో ఒకటికి రెండుసార్లు చూసింది.

బావ ఎక్కాడు. మొదట భయంభయంగా తొక్కాడు, తర్వాత కాళ్లకి నమ్మకం చిక్కింది. వీపు వంగింది. కంకర ఎగిరింది. చూస్తుండగానే రెల్లు మలుపు తిరిగి కనపడకుండా పోయాడు. అక్క నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి. రెల్లు మీద గాలి తప్ప ఏమీ లేదు. ఆమె ఊపిరి బిగబట్టిందని నాకు తెలుస్తోంది, నేనూ బిగబట్టాను.

ట్రింగ్ ట్రింగ్.

మలుపు అవతల కొంగలు గుంపుగా లేచాయి. మళ్లీ ట్రింగ్ ట్రింగ్. ఇంకాస్త దూరంనుంచి మళ్లీ.

"ఎవర్ని తప్పుకోమంటున్నారో మీ బావ" అంది అక్క. నవ్వుతోంది, ఏడుస్తోంది, ముక్కు చీదుకుంటోంది, అన్నీ ఒకేసారి. సైకిల్ ఎక్కింది. నేను మామూలుగా వెనకాల.

హారన్ చప్పుడంటే ఒళ్లు మండే ఆ మనిషి సముద్రం గోడ దాకా గంట కొడుతూనే ఉన్నాడు.