పొయ్యి మీది అటక

కూతురు భాను ఇంట్లో ఉన్నా కనకకి భయమే, గడప దాటినా భయమే. పిల్ల విశాఖపట్నంలో వెబ్ అప్లికేషన్ల పని నేర్చుకుని కొండకి తిరిగొచ్చింది. కాఫీ రైతుల సంఘానికి ఒక అప్లికేషన్ చేస్తోంది. వాళ్ళకి నచ్చితే సంఘంలోనే ఉద్యోగం, నచ్చకపోతే మళ్ళీ పట్నం.

ఆ అప్లికేషన్ ఎందులో రాయాలన్న దగ్గర తల్లీకూతుళ్ళకి పేచీ వచ్చింది. బ్రౌజరులోనే రాస్తే రాసిందంతా ఎక్కడో దూరాన పెద్ద కంప్యూటర్లలో భద్రంగా ఉంటుందని, లాప్‌టాప్ పోయినా పని పోదని భాను చెప్పింది. కానీ దానికి సిగ్నల్ కావాలి. అదేమో ఘాట్ రోడ్డు మలుపు దగ్గర తప్ప దొరకదు. బ్రేకులు తెగిన లారీ, తాగొచ్చిన మగాళ్ళు, ఎలుగ్గొడ్డు, అన్నీ కనక కళ్ళ ముందు తిరిగాయి.

"ఎలుగ్గొడ్డుకి నా లాప్‌టాప్ ఎందుకమ్మా?" అని భాను నవ్వింది.

కనక నవ్వలేదు. అన్నం మానేసి కూర్చుంది. చివరికి భానే దిగొచ్చి, కావలసిన సాఫ్ట్‌వేరంతా లాప్‌టాప్‌లోకే ఎక్కించుకుని ఇంట్లోనే రాసింది. సంతరోజున అరకు వెళ్ళి ఒక కాపీ నెట్‌లో పెట్టొస్తానంటే, కొండచరియలు జారుతున్నాయని కనక దానికీ అడ్డం పడింది.

ముసురు పట్టింది. డబ్బాలో ఉప్పు నీరైపోయింది. రేపు సంఘంవాళ్ళకి చూపించాలనగా, భాను సంఘం పెద్ద సర్వేశ్వరరావుని కలవడానికి వెళ్ళింది. లాప్‌టాప్ కనక చేతికి చల్లగా తగిలింది. చెమ్మ పట్టి చెడిపోతే? చోడి విత్తనాలకి, అంటే రాగులకి, ఏటా చేసేదే దీనికీ చేసింది. గుడ్డలో చుట్టి, బుట్టలో పెట్టి, పొయ్యి మీది అటకపైన విత్తనాల పక్కన ఉంచింది. పొగ తగిలినదేదీ చెడిపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఎందుకైనా మంచిదని పొయ్యిలోకి ఇంకో దుంగ ఎగదోసింది.

భాను వచ్చేసరికి ఇల్లంతా మాడు కంపు. బుట్ట దించి చూస్తే బ్యాటరీ ఉబ్బి, పగిలి, లోపలంతా కరిగిపోయి ఉంది.

"ఇదేటి సేసినావమ్మా?"

"సెమ్మ పట్టేత్తాదని..."

"రాసిందంతా ఇందులోనే ఉందమ్మా. ఇంకెక్కడా నేదు."

అరకులో బాగుచేసేవాడు దాన్ని విప్పి చూసి, ఇందులోంచి ఏదీ రాదని మూసేశాడు. సంఘంవాళ్ళు ఆ పని పట్నంలో ఎవరికో అప్పగించారు.

రైలు టైముకి భాను బట్టలు సర్దుకుంటుంటే కనక గుమ్మానికి అడ్డంగా నిలబడింది. సొరంగాలు, స్టేషన్లో దొంగలు, హాస్టల్ తిండి, చెప్పాల్సినవన్నీ నోటిదాకా వచ్చాయి.

"ఒక్కర్తివీ ఎలా ఉంటావే గుంటా?"

భాను సంచి జిప్పు లాగింది.

"నీ బయ్యం నేకుండా ఉంటానమ్మా."

కనక పక్కకి తప్పుకుంది.